ఒకే హాట్ డాగ్, రెండు అడ్రసులు: గ్రేస్ పపాయా కేస్ స్టడీ

న్యూయార్క్‌లో బ్రాడ్‌వే, 72వ వీధి కలిసే మూలన 1973 నుంచి ఒక హాట్ డాగ్ స్టాండ్ నడుస్తోంది. హాట్ డాగ్ అంటే పొడుగాటి బన్నులో సాసేజ్ పెట్టి ఇచ్చే తిండి. స్టాండ్ పేరు గ్రేస్ పపాయా, పపాయా అంటే బొప్పాయి. లోపల కూర్చోడానికి కుర్చీ ఉండదు. అద్దాల వెంబడి గట్టు ఉంటుంది, దాని మీద కాగితం ప్లేటు పెట్టుకుని నిలబడి తినాలి. సీలింగు నుంచి రంగురంగుల కాగితం పళ్ళు వేలాడుతుంటాయి. డ్యూటీ దిగిన నర్సు, టాక్సీ డ్రైవరు, లింకన్ సెంటర్‌లో కచేరీ విని వచ్చిన సూటు పెద్దమనిషి, జేబులో ఐదు డాలర్లు కూడా లేని కాలేజీ కుర్రాడు, అందరూ ఒకే గట్టు దగ్గర భుజాలు రాసుకుంటూ తింటారు.

అదే పేరుతో, అదే సాసేజ్‌తో, అదే పపాయా డ్రింకుతో గ్రెనిచ్ విలేజ్‌లో ఆరో అవెన్యూ, 8వ వీధి మూలన ఇంకో షాపు ఉండేది. అక్కడా జనం తక్కువేం కాదు. న్యూయార్క్ యూనివర్సిటీ పక్కనే, సబ్‌వే స్టేషను దగ్గరే. 2014 జనవరిలో అది మూతపడింది. ఒకే వంట, ఒకే ధర, ఒకే యజమాని అయినా ఒక మూల బతికింది, ఇంకో మూల పోయింది. ఫుడ్ బిజినెస్‌లో ఇంత శుభ్రంగా ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసే అవకాశం చాలా అరుదుగా దొరుకుతుంది.

నేను న్యూజెర్సీలో చిన్న హోటళ్ళకి, టేకవుట్ షాపులకి లెక్కలు, లీజు ఒప్పందాలు చూసే పని చేస్తాను. ఎడిసన్, జెర్సీ సిటీ వైపు బిర్యానీ పాయింటో, దోసె సెంటరో పెడదామని వచ్చే మనవాళ్ళలో నూటికి తొంభై మంది మొదట మాట్లాడేది రుచి గురించే. "మా అమ్మ మసాలా అండీ, ఎవరూ కొట్టలేరు" అంటారు. నిజమే అయ్యుంటుంది. నేను మాత్రం ముందు లీజు కాగితం అడుగుతాను. ఎందుకు అడుగుతానో ఈ కేసు చెబుతుంది.

ఆ మూల, ఆ కాలం

కథ గ్రేస్ పపాయా కన్నా ముందే మొదలైంది. 1932లో గస్ పౌలోస్ అనే గ్రీకు వలసదారు మన్‌హాటన్ తూర్పు వైపు, 86వ వీధి, థర్డ్ అవెన్యూ మూలన పళ్ళరసాల స్టాండ్ పెట్టాడు. బొప్పాయి అప్పటికి న్యూయార్క్ వాళ్ళకి వింత పండు. ఆ పేట పేరు యార్క్‌విల్, జర్మన్ కుటుంబాలు ఎక్కువగా ఉండేవి. వాళ్ళకి సాసేజ్ అంటే ప్రాణం. అలా జ్యూస్ పక్కన ఫ్రాంక్‌ఫర్టర్ అనే జర్మన్ సాసేజ్ వచ్చి చేరింది. తియ్యటి, నురగ నురగగా ఉండే బొప్పాయి డ్రింకూ, ఉప్పగా, వెల్లుల్లి వాసనతో ఉండే సాసేజూ పేట అవసరం కొద్దీ కలిసిన జంట. ఆ స్టాండ్ పపాయా కింగ్‌గా పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత నగరమంతా పపాయా అనే మాట పెట్టుకున్న హాట్ డాగ్ షాపులు పుట్టుకొచ్చాయి.

నికొలస్ గ్రే అంతకుముందు వాల్‌స్ట్రీట్‌లో షేర్ల బ్రోకరు. పపాయా కింగ్‌తో భాగస్వామిగా ఈ రంగంలోకి దిగి, తర్వాత విడిపోయి సొంత పేరు పెట్టుకున్నాడు. ఆయన ఎంచుకున్న చోటు గురించి ఇక్కడ కాస్త ఆగాలి. ఇవాళ 72వ వీధి అంటే కోట్ల ఇళ్ళు. 1970లలో ఆ సబ్‌వే స్టేషను చుట్టూ ఉన్న చిన్న పార్కులకి జనం పెట్టిన పేరు నీడిల్ పార్క్. హెరాయిన్ సూదులు అక్కడ దొరికేవి కాబట్టి ఆ పేరు. 1975లో న్యూయార్క్ నగరమే దివాలా అంచుకి వెళ్ళింది. డబ్బున్నవాళ్ళు శివార్లకి వెళ్ళిపోతున్న రోజులు. అలాంటప్పుడు, అలాంటి చోట షాపు పెట్టాడు.

ఆయన పెట్టింది పాడుబడ్డ మూలన కాదు, జనం భయపడే మూలన. ఈ తేడా మా వృత్తిలో చాలా పెద్దది. 72వ వీధి స్టేషను 1904లో నగరం మొదటి సబ్‌వేతో పాటు తెరిచింది. లోకల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ళు రెండూ ఆగుతాయి. పేట చెడ్డా, బాగుపడ్డా ఆ మెట్లెక్కి వచ్చే జనం ఆగరు. పేరు చెడిన పేట, తగ్గని జనం ఒకే చోట దొరికితే చిన్న వ్యాపారికి అంతకంటే మంచి చోటు ఉండదు. మనవాళ్ళు చాలామంది దీనికి పూర్తిగా తిరగేసి చేస్తారు. కొత్తగా మెరిసే షాపింగ్ సెంటరులో, పక్కన బ్రాండెడ్ షోరూములు ఉన్నాయని మురిసిపోయి సంతకం పెడతారు. అక్కడికి జనం కారులో వచ్చి, ఒక షాపులో పని చూసుకుని, కారులోనే వెళ్ళిపోతారు.

పెనం దగ్గర

వంట సంగతి చూద్దాం. న్యూయార్క్ వీధి బండ్ల మీద హాట్ డాగ్‌లు వేడి నీళ్ళలో తేలుతుంటాయి. గ్రేస్ పపాయాలో మాత్రం పెద్ద ఇనప పెనం మీద కాలుస్తారు. సాసేజ్ పూర్తిగా గొడ్డు మాంసం, పైన సహజమైన పేగు తొడుగు. పెనం వేడికి ఆ తొడుగు బిగుసుకుని, కొరికినప్పుడు టప్‌మని తెగుతుంది. న్యూయార్క్ వాళ్ళు హాట్ డాగ్‌ని తూకం వేసేది ఆ టప్ శబ్దంతోనే. బన్నుని కాస్త కాలుస్తారు. పైన మస్టర్డ్, పులియబెట్టిన క్యాబేజీ, లేదా టమాటా రంగులో ఉడికించిన ఉల్లిపాయలు. అంతే.

పని వరస చూస్తుంటే నాకు ముచ్చటేస్తుంది. సాసేజ్‌లు పెనం మీద వరసలుగా ఉంటాయి. కాలిన కొద్దీ చేతికి అందే వైపు జరుగుతాయి. ఆర్డరు చెప్పేలోపే బన్ను చేతిలో ఉంటుంది. వంట ముందే అయిపోయింది, ఇక మిగిలింది పేర్చడమే. మెనూ చిన్నది కాబట్టి "ఏముంది?" అనే ప్రశ్న రాదు. "ఏం వేయమంటారు?" అనే ఒక్క ప్రశ్న, రెండు మూడు జవాబులు. చాలా కాలం నగదు మాత్రమే తీసుకున్నారు, చిల్లర లెక్క కూడా వేళ్ళ మీదే ఉండేది. కూర్చునే చోటు లేదు కాబట్టి తిన్నవాళ్ళు ఐదారు నిమిషాల్లో బయటపడతారు. ఒకే చదరపు అడుగు రోజంతా ఎంతమందికి పనికొస్తుందో అక్కడ నిలబడి చూస్తే అర్థమవుతుంది.

డ్రింకు గురించి కూడా చెప్పాలి. పపాయా, పినా కొలాడా, కొబ్బరి, ద్రాక్ష, నారింజ. హాట్ డాగ్‌కి మాంసం ఖర్చు ఉంటుంది, అది మార్కెట్‌ని బట్టి ఎగుడుదిగుడు అవుతుంది. డ్రింకులో ఎక్కువ భాగం నీళ్ళు, చక్కెర, ఐసు. ఈ రకం షాపుల్లో సాసేజ్ జనాన్ని పిలుస్తుంది, డ్రింకు మిగులు ఇస్తుంది. మన ఇరానీ హోటళ్ళలో చాయ్ చేసే పనికి ఇది దగ్గరి చుట్టం. దుకాణం పేరులో సాసేజ్ లేకుండా బొప్పాయి ఉండడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. లెక్కల పుస్తకం తెరిచి చూసేవాడికి మాత్రం అదే సరైన పేరు అనిపిస్తుంది.

రిసెషన్ స్పెషల్

1982లో అమెరికా మాంద్యంలో ఉంది. ఆ ఏడాది చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. అప్పుడు గ్రే ఒక బోర్డు పెట్టాడు: రెండు హాట్ డాగ్‌లు, ఒక డ్రింకు, 1 డాలర్ 95 సెంట్లు. పేరు రిసెషన్ స్పెషల్.

మాంద్యం పోయింది, బోర్డు పోలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి మాంద్యంలోనూ ఆ బోర్డు మళ్ళీ కొత్తగా కనిపించింది. ధర ఒక్క మాటలో ఉంది, జేబులో ఉన్నది లెక్క చూసుకునేవాడికి తేలిగ్గా తెలుస్తుంది. పేరు కూడా చూడండి. "చవక" అనే మాట వాడలేదు. కాలం బాగోలేదు, మేమూ అది గమనించాం అని చెప్పే పేరు. దీన్ని కొనేవాడికి నామోషీ ఉండదు. సూటు వేసుకున్నవాడు కూడా రిసెషన్ స్పెషల్ అని గట్టిగా అడగగలడు. అద్దం మీద కూడా ఆకలేసినా, డబ్బుల్లేకపోయినా, తొందరలో ఉన్నా ఇక్కడికి రండి అనే ధోరణిలోనే రాసి ఉండేది. గ్రే తన రాజకీయ అభిప్రాయాలు కూడా ఆ అద్దాలకే అంటించేవాడు. 2008లో ఒబామాకి మద్దతుగా బోర్డు కట్టాడు. షాపు యజమాని మాటకి నగరం చెవి ఒగ్గేంత చనువు అది. డబ్బు పెట్టి కొనే ప్రకటనలకి అలాంటి చనువు రాదు.

2014 నాటికి రిసెషన్ స్పెషల్ దాదాపు 5 డాలర్లకి చేరింది. అమ్మో పెరిగిపోయిందే అనిపిస్తుంది. ప్రభుత్వ ధరల సూచీ పట్టుకుని లెక్క వేసి చూడండి. 1982 నాటి 1.95 డాలర్ల విలువ 2014లో సుమారు 4.80 డాలర్లు. అంటే ముప్పై రెండేళ్ళలో ఆయన పెంచింది ఇంచుమించు జీవన వ్యయం పెరిగినంతే. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నట్టే. ఇక్కడే మెడకు ఉచ్చు కూడా ఉంది. ధర మీద మాట ఇచ్చిన వ్యాపారికి ఖర్చు మీద ఎవరూ మాట ఇవ్వరు.

8వ వీధిలో ఏం జరిగింది

గ్రెనిచ్ విలేజ్ షాపు లీజు ముగిసే సరికి బిల్డింగ్ వాళ్ళు నెలకు మరో 20 వేల డాలర్లు అడిగారని, దాంతో అద్దె 50 వేలకి చేరేదని అప్పట్లో పత్రికలు రాశాయి. షాపు మూతపడింది. తర్వాత అక్కడ ఖరీదైన జ్యూస్‌లు అమ్మే షాపు వచ్చింది. జ్యూస్‌తో పుట్టిన వ్యాపారం పోయిన చోటే మళ్ళీ జ్యూస్ వచ్చింది. గ్లాసు ధర మాత్రం రెండు హాట్ డాగ్‌లూ డ్రింకూ కలిపిన దానికన్నా ఎక్కువ.

ఈ అంకెల్ని కాగితం మీద పెట్టి చూద్దాం. ఇది నా అంచనా లెక్క, వాళ్ళ పుస్తకాలది కాదు. ఒక స్పెషల్ 5 డాలర్లు అనుకుందాం. సాసేజ్, బన్ను, డ్రింకు, కాగితం పోను 3 డాలర్లు చేతిలో మిగులుతాయి అనుకుందాం. నెలకు 30 వేల అద్దె కట్టాలంటే 10 వేల స్పెషల్స్ అమ్మాలి. రోజుకు 333. అద్దె 50 వేలు అయితే దాదాపు 16,700. రోజుకు 555 పైమాటే. అంటే పెరిగిన అద్దె కోసమే రోజుకు ఇంకో 222 అదనంగా అమ్మాలి. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంచితే గంటకు 9. తెల్లవారుజామున నాలుగింటికి కూడా 9, మంచు తుఫాను రోజు కూడా 9. ఇందులో ఇంకా జీతాలు లేవు, గ్యాసు లేదు, కరెంటు లేదు, ఇన్సూరెన్సు లేదు.

ఇంకో వైపు నుంచి చూద్దాం. రెస్టారెంటు లెక్కల్లో అద్దె అమ్మకాల్లో 10 శాతం దాటితే ప్రమాదం అని ఒక మోటు సూత్రం ఉంది. 50 వేలు 10 శాతం కావాలంటే నెలకు 5 లక్షల డాలర్ల అమ్మకాలు ఉండాలి. 5 డాలర్ల చొప్పున లక్ష ఆర్డర్లు. గంటకు దాదాపు 139, పగలూ రాత్రీ ఆగకుండా. ఆ పెనం ఎంత పెద్దదైనా, ఆ మనిషి చెయ్యి ఎంత వేగమైనా ఆ లెక్క అందదు. చేతి వేగం పెంచి తీర్చగలిగిన లోటు కాదు ఇది.

దీని పైన ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మన్‌హాటన్‌లో 96వ వీధికి దిగువన షాపు అద్దెకు తీసుకున్నవాడు, ఏడాది అద్దె 2 లక్షల 50 వేల డాలర్లు దాటితే, ఆ అద్దె మీద నగరానికి పన్ను కట్టాలి. అసలు రేటు దాదాపు 3.9 శాతం పడుతుంది. ఏడాదికి 6 లక్షల అద్దె అంటే పన్ను 23 వేల డాలర్ల పైన. అద్దె పెంచింది ఓనరు, ఆ పెంపు మీద పన్ను కట్టాల్సింది అద్దెకున్నవాడు. 2018 నుంచి చిన్న వ్యాపారాలకి కొంత రాయితీ వచ్చింది, అది 2014లో మూతపడిన షాపుకి పనికిరాని మాట.

న్యూయార్క్ ఇళ్ళకి అద్దె నియంత్రణ ఉందని చాలామంది విని ఉంటారు. షాపులకి లేదు. 1945 నుంచి 1963 వరకు ఉండేది, తర్వాత పోయింది. లీజు పొడిగింపులో చిన్న షాపులకి రక్షణ ఇవ్వాలని 1986 నుంచి ఒక బిల్లు నగర మండలి ముందుకి వస్తూనే ఉంది. 2018లో పెద్ద విచారణ కూడా జరిగింది. చట్టం కాలేదు. దీని మీద నా అభిప్రాయం దాచుకోను. ఒక మూలకి పేరు తెచ్చింది ఆ షాపు. ఆ పేరు వల్ల పెరిగిన విలువలో ఆ షాపుకి వాటా సున్నా. ఇది అన్యాయం. ఓనర్ల వైపు కూడా పన్నులు, బ్యాంకు అప్పులు ఉంటాయి, ఆ కాగితాలూ నేను చూస్తుంటాను. అయినా లీజు ముగిసే ముందు మూడింట రెండు వంతులు ఒక్కసారి పెంచడాన్ని బేరం అనలేం. వెళ్ళిపొమ్మని మర్యాదగా చెప్పడమే అది.

86వ వీధిలో అసలు పపాయా కింగ్‌కి వచ్చిన కష్టం ఇంకో రకం. అక్కడ బిల్డింగే చేతులు మారింది. కొన్నది డెవలపరు, కూల్చి కొత్తది కట్టాలని ఉద్దేశం. 1932 నుంచి అదే మూలన ఉన్న స్టాండ్ 2023లో ఆ చోటు వదిలింది. తర్వాత రోడ్డుకి అవతల వైపు చిన్న జాగాలో మళ్ళీ తెరిచారు. పాత అలవాటున్నవాళ్ళు రోడ్డు దాటి వెళ్ళారు. సబ్‌వే ఎక్కుతూ దిగుతూ ముక్కుకి వాసన తగిలితే ఆగే జనం మాత్రం మూలతో పాటే పోతారు. అలా పోయే గిరాకీ ఎంతో ముందే అంచనా వేయడం ఎవరి వల్లా కాదు. అందుకే నేను "పక్కకి మారితే సరిపోతుంది కదా" అనే మాటను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోను.

లాస్ ఏంజెలెస్‌లో ఇంకో దారి

ఇదే దేశంలో, ఇదే తిండితో, పూర్తిగా వేరే తీరులో నడిచిన కథ ఒకటి ఉంది. లాస్ ఏంజెలెస్‌లో లా బ్రియా, మెల్‌రోజ్ కలిసే చోట పింక్స్ అనే స్టాండ్. 1939లో పాల్, బెట్టీ పింక్ దంపతులు తోపుడు బండితో మొదలుపెట్టారు. బండి ఖరీదు 50 డాలర్లు, బెట్టీ వాళ్ళమ్మ దగ్గర అప్పు. బెట్టీ వండిన చిల్లీ (మాంసంతో చేసే కారం కూర), మస్టర్డ్, ఉల్లిపాయలు వేసి హాట్ డాగ్ 10 సెంట్లు. కరెంటుకి దగ్గర్లోని హార్డ్‌వేర్ షాపు నుంచి పొడుగాటి వైరు లాక్కున్నారట.

ఆ కుటుంబం చెప్పుకునే కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమైంది అద్దె సంగతి. బండి నిలిపే జాగాకి నెలకు 15 డాలర్లు ఉండేది, ఓనరు 25 చేస్తానన్నాడు. కట్టలేక పాల్ తలపట్టుకున్నాడు. చివరికి బ్యాంకులో 4 వేల డాలర్ల అప్పు తెచ్చి ఆ నేలే కొనేశారు. 1946లో బండి పోయి, ఇప్పుడున్న చిన్న బిల్డింగ్ వచ్చింది. అదే అడ్రసు, అదే కుటుంబం, ఇప్పటికీ క్యూ.

10 సెంట్ల హాట్ డాగ్ అమ్మేవాడికి 4 వేల డాలర్లు అంటే 40 వేల హాట్ డాగ్‌ల అమ్మకం. ఆ రోజుల్లో అది చిన్న ధైర్యం కాదు. అద్దె 10 డాలర్లు పెరిగిన కోపంలో చేసిన పనిలా కనిపిస్తుంది. ఫలితం చూస్తే, హాలీవుడ్ పక్కన నేల విలువ పెరిగిన ఎనభై ఏళ్ళూ ఆ పెంపు వాళ్ళకి శత్రువు కాకుండా ఆస్తి అయింది. గ్రేస్ పపాయాకి పేట బాగుపడటం ముప్పు అయితే, పింక్స్‌కి అదే బలం. పింక్స్ తర్వాత పెద్ద మెనూ పెట్టింది, సినిమా వాళ్ళ పేర్లతో హాట్ డాగ్‌లు పెట్టింది, లాస్ వేగస్‌లో, విమానాశ్రయంలో, థీమ్ పార్కుల్లో, ఫిలిప్పీన్స్‌లో కూడా పేరు వాడుకునే షాపులు పెట్టించింది. వాటిలో కొన్ని ఉన్నాయి, కొన్ని పోయాయి. అసలు స్టాండ్‌కి ఆ రాకపోకలతో పని పడలేదు.

మనవాళ్ళకి ఈ కథ చెప్తే వెంటనే "ఇప్పుడు కొనడం మన వల్ల అవుతుందా అండీ" అంటారు. మన్‌హాటన్‌లో అవ్వదు. న్యూజెర్సీ చిన్న ఊళ్ళలో, కింద షాపు పైన ఇల్లు ఉండే పాత బిల్డింగుల్లో కొన్నిసార్లు అవుతుంది. ప్రభుత్వ హామీతో వచ్చే చిన్న వ్యాపార రుణాలు బిల్డింగ్ కొనడానికి కూడా వాడొచ్చు. లీజులోనే ఇంకో మాట రాయించుకోవచ్చు: ఓనరు ఎప్పుడైనా అమ్మదలిస్తే ముందు మాకే అడగాలి, బయటివాడు ఇచ్చే ధరకే మాకు అవకాశం ఇవ్వాలి అని. ఆ మాట రాయించడానికి డబ్బు ఖర్చు కాదు, అడగాలంతే.

బండి అయితే అద్దె ఉండదా?

షాపు వద్దు, ఫుడ్ కార్ట్ పెడతానని వచ్చేవాళ్ళూ ఉన్నారు. న్యూయార్క్‌లో వీధి బండి పర్మిట్‌ల సంఖ్యకి 1983 నుంచి సుమారు 3 వేల దగ్గర గట్టు వేశారు. నగరానికి కట్టే ఫీజు రెండేళ్ళకి 200 డాలర్ల చొప్పున ఉండేది. ఆ పర్మిట్ ఉన్నవాళ్ళు చాటుగా రెండేళ్ళకి 25 వేల డాలర్ల దాకా అద్దెకి ఇచ్చుకునేవాళ్ళు. 2021లో చట్టం మార్చి, ఏటా కొన్ని వందల చొప్పున కొత్త లైసెన్సులు ఇవ్వాలని, పర్మిట్ ఉన్న మనిషి బండి దగ్గరే ఉండాలని తెచ్చారు.

పార్కుల దగ్గర బండి అయితే నగరం వేలం వేస్తుంది. 2013లో సెంట్రల్ పార్క్ జూ దగ్గర ఒక్క బండి నిలిపే చోటుకి ఏడాదికి 2 లక్షల 89 వేల 500 డాలర్లు పాడారు. రోజుకు దాదాపు 800 డాలర్లు, వాన పడినా, మంచు పడినా. నాలుగు చక్రాల మీద ఉన్నా అద్దె అద్దే. నేల మీద గోడలు లేనంత మాత్రాన నేల ఊరికే రాదు.

నా దగ్గరికి వచ్చేవాళ్ళతో

నికొలస్ గ్రే 2023లో చనిపోయారు. 72వ వీధి షాపు నడుస్తూనే ఉంది, కుటుంబమే చూసుకుంటోంది. ఆ మధ్యలో తెరిచిన మిగతా చోట్లు ఒక్కొక్కటీ పోయాయి. ఆ ఒక్క మూల ఇంకా ఉండటం నాకు నిజంగా సంతోషం. ఇలాంటి షాపు పోతే నగరంలో తక్కువ డబ్బుతో మర్యాదగా నిలబడి తినే చోటు ఒకటి పోతుంది. దాని బదులు ఇంకోటి రాదు. ఇవాళ్టి అద్దెలకి అలాంటి ధరతో ఎవరూ కొత్తగా మొదలుపెట్టలేరు.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్ళతో మొదట గంటల లెక్క వేయిస్తాను. మీ అద్దెని రోజుతో, తర్వాత గంటతో భాగించి, ఆ గంటకి ఎన్ని ప్లేట్లు అమ్మితే అద్దె తీరుతుందో చెప్పమంటాను. సాయంత్రం ఏడింటి రద్దీ చూసి కాదు, మధ్యాహ్నం మూడున్నరకి, మంగళవారం చూసి చెప్పమంటాను. ఆ అంకె చూశాక చాలామంది రుచి గురించి మాట్లాడటం ఆపి, చదరపు అడుగుల గురించి అడగడం మొదలుపెడతారు. డైనింగ్ హాలు అవసరమా, సగం చోటులో టేకవుట్ చాలదా అని వాళ్ళే అంటారు.

తర్వాత లీజు. సాధారణంగా పదేళ్ళది వస్తుంది, ఏటా 3 శాతం పెంపుతో. దాని మీద జనం పెద్దగా గొడవ పడరు, పడాల్సిన అవసరమూ తక్కువ. దెబ్బ తగిలేది పదకొండో ఏట. అందుకే పొడిగింపు హక్కు లీజులోనే ఉండాలి, అప్పటి అద్దె ఎలా లెక్కిస్తారో కూడా సూత్రంతో రాసి ఉండాలి. "అప్పటి మార్కెట్ రేటు" అని రాసి వదిలేస్తే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది, 8వ వీధి షాపుకి జరిగింది మీకూ జరుగుతుంది. పాత అద్దె మీద ఇంత శాతానికి మించకూడదు అని పైగీత గీయించండి. కూల్చివేత క్లాజు ఉందేమో వెతకండి. ఓనరు బిల్డింగ్ కూల్చాలనుకుంటే ఇన్ని నెలల నోటీసుతో ఖాళీ చేయించే హక్కు అందులో ఉంటుంది. దాన్ని పూర్తిగా తీయించలేకపోతే, మొదటి కొన్నేళ్ళు వాడకూడదని, వాడితే మీరు పెట్టిన కిచెన్ ఖర్చులో మిగిలిన భాగం తిరిగివ్వాలని రాయించండి. వంట పొగ బయటికి లాగే హుడ్డు, డక్టు, గ్యాసు లైను పెట్టడానికే లక్షల డాలర్లు పోసినవాళ్ళని చూశాను. అవి ఊడదీసి వెంట తీసుకెళ్ళే వస్తువులు కావు.

హైదరాబాద్, విజయవాడల నుంచి కూడా చుట్టాలు, స్నేహితులు ఇదే విషయం అడుగుతుంటారు. అక్కడ టిఫిన్ సెంటర్‌కి 11 నెలల అగ్రిమెంటు రాసుకోవడం మామూలు. ఎక్కువ ఏళ్ళకి రాసుకుంటే రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ ఖర్చు ఎక్కువవుతుందని ఇద్దరూ 11 నెలలకే ఒప్పుకుంటారు. స్టాంపు డ్యూటీ మిగిలింది అనుకుంటారు కానీ, లక్షలు పోసి పెట్టిన షాపుకి ఉన్న హక్కు 11 నెలలదే. ఐదేళ్ళకో, తొమ్మిదేళ్ళకో రిజిస్టర్ చేయించుకుంటే అయ్యే ఖర్చుని, ఒక్క నెల అమ్మకంతో పోల్చి చూసుకోమని చెప్తాను. గిరాకీ పెరిగాక ఓనరు తమ్ముడే పక్కన ఇడ్లీ పెట్టిన కథలు ఆ ఊళ్ళలో వీధికొకటి ఉన్నాయి.

చివరగా నోటీసు తేదీ. పొడిగింపు హక్కు వాడుకోవాలంటే లీజు ముగియడానికి తొమ్మిది నెలలో, పన్నెండు నెలలో ముందు రాతపూర్వకంగా ఓనరుకి తెలపాలి. ఒక్క రోజు ఆలస్యమైనా హక్కు పోవచ్చు. పదేళ్ళ తర్వాత వచ్చే తేదీ పెనం ముందు నిలబడినవాడికి గుర్తుండదు. సంతకం పెట్టిన రోజే ఆ తేదీని మీ ఫోన్‌లో, మీ ఇంట్లోవాళ్ళ ఫోన్‌లో, మీ అకౌంటెంటు దగ్గర రాయించండి. నోటీసు ఏ అడ్రసుకి, ఏ పద్ధతిలో పంపాలని లీజులో ఉందో అచ్చం అలాగే పంపి, రసీదు లీజు కాగితాలతో కలిపి పెట్టండి.